పాలు లేని బిస్కెట్లు, అందరికీ అందే పళ్ళెం



మొన్న మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక టీతో పాటు పంచిన ఓట్స్ బిస్కెట్లు ఎలా చేశారని చాలామంది అడుగుతున్నారు. హైదరాబాదులో, గల్ఫులో పనిచేసుకుంటున్న మన పిల్లలు కూడా ఫోన్లు చేశారు. "పాలు లేవు, వెన్న లేదు, గుడ్డు లేదు. మరి అది విడిపోకుండా ఎలా నిలబడిందండీ?" అని ఒక పెద్దమ్మ మా ఇంటిదాకా వచ్చి అడిగింది. ఎలా చేశామో చెబుతాం. ఎందుకు చేశామో కూడా చెబుతాం. రెండోదే ముఖ్యం గనుక ముందు అది.

మన సండే స్కూల్లో ఏడేళ్ళ పాప ఒకతె ఉంది. పాలు పడవు, గుడ్డు పడదు. "పడదు" అనే మాట మనం తేలిగ్గా వాడతాం. వంకాయ పడదంటాం, చల్లనీళ్ళు పడవంటాం. ఈ పాప సంగతి అది కాదు. పాలలో ఉండే మాంసకృత్తులను ఆమె ఒళ్ళు శత్రువు అనుకుని యుద్ధానికి దిగుతుంది. దద్దుర్లు లేస్తాయి, పెదవులు వాస్తాయి, వాంతులవుతాయి. ఒకసారి ఊపిరి అందక ఆసుపత్రికి పరుగెత్తారు. పాలు తాగితే కడుపు ఉబ్బరించే మనుషులు వేరు. వారికి పాలలోని చక్కెర అరగదు, ఇబ్బందే గానీ ప్రాణాపాయం కాదు. ఈ పాపకు అపాయమే. పాలు బాగా కాచి పోసినా ఆ భయం పోదు.

ఇలాంటి పిల్లకు మన సంఘంలో ఏం పెడుతున్నాం? క్రిస్మస్‌కు కేకు. ఈస్టరుకు సేమ్యా పాయసం. మామూలు ఆదివారాల్లో పాల టీ, గ్లూకోజు బిస్కెట్లు. ఆ బిస్కెట్లలో కూడా చాలావాటిలో పాల పదార్థం ఉంటుంది. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. పాప తల్లి కూలిపనికి వెళ్ళే మనిషి, చదివింది ఐదో తరగతి. అయినా ఆ చిన్న అక్షరాలు చదవడం ఆమెకు వచ్చినట్టు మనలో ఎవరికీ రాదు.

కొన్ని నెలలుగా ఆ తల్లి ఆశీర్వాద ప్రార్థన అవగానే పాప చెయ్యి పట్టుకుని బయటికి వెళ్ళిపోతోంది. పొలం పని ఉందేమో అనుకున్నవారు ఉన్నారు. అది కాదు. అందరు పిల్లలూ తింటుంటే తన పిల్ల చూస్తూ నిలబడటం ఆమె తట్టుకోలేకపోతోంది.

ఇంకొక కారణం కూడా ఉంది. అది చెప్పడం కష్టమే గానీ చెప్పాలి. మన విశ్వాసుల్లో ఒకరు, మంచి మనసుతోనే, ఆమెతో ఇలా అన్నారు. "విశ్వాసం ఉంటే ఏమీ కాదమ్మా. ప్రార్థన చేసి తినిపించు." ఆ రాత్రి ఆమె మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే కూర్చుంది. "నాకు విశ్వాసం లేకే నా బిడ్డకు ఇలా ఉందా అయ్యగారూ?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు ఆమెకు చెప్పాం. మీ అందరికీ కూడా చెప్పాలని ఇది రాస్తున్నాం.

కృతజ్ఞతతో పుచ్చుకుంటే ఏ ఆహారమూ తోసివేయదగినది కాదని అపొస్తలుడైన పౌలు తిమోతికి రాసిన మాట నిజమే. కానీ ఆ అధ్యాయం మొదటినుంచి చదవండి. కొన్ని ఆహారాలు తింటే పాపం అని బోధించి మనుషుల మెడకు కాడి కట్టేవారికి జవాబుగా పౌలు ఆ మాట రాశాడు. జబ్బుపడిన పిల్ల నోట్లో పాలు పోయమని రాయలేదు. అదే తిమోతికి, అదే పత్రికలో, నీ కడుపు జబ్బు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకొమ్మని కూడా రాశాడు. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి "దూకు, దూతలు పట్టుకుంటారు" అన్న ధోరణిలో అపవాది మాట్లాడినప్పుడు మన ప్రభువు దూకలేదు. అది విశ్వాసలోపం కాదు గదా. దేవుని శోధించకూడదని ఆయనకు తెలుసు.

కాబట్టి సహోదరులారా, పాపను డాక్టరుకు చూపించడం, పాలు దూరంగా ఉంచడం విశ్వాసానికి వ్యతిరేకం కాదు. ఇలాంటి అలర్జీలు చాలామంది పిల్లలకు పెరిగేకొద్దీ తగ్గిపోతాయి. తగ్గాలని మేము ప్రతిరోజూ ప్రార్థన చేస్తున్నాం. అయితే తగ్గిందో లేదో చూడవలసింది డాక్టరు, మన టీ బల్ల దగ్గర కాదు.

ఇక చేసే విధానం.

విత్తనాల నుంచి, మొక్కల నుంచి వచ్చేవి తప్ప జంతువుల నుంచి వచ్చేది ఏదీ కలపని వంటను ఇప్పుడు వీగన్ అంటున్నారు. 1944లో ఇంగ్లండులో డోనాల్డ్ వాట్సన్ అనే ఆయన, ఆయన స్నేహితులు పెట్టుకున్న పేరు అది. పేరు కొత్తదే గానీ అలాంటి వంట చాలా పాతది. సారెపతు ఊరి విధవరాలిని గుర్తు చేసుకోండి. ఆమె ఇంట్లో మిగిలింది కాస్త పిండి, కాస్త నూనె. ఏరుకున్నవి రెండు పుల్లలు. ఏలీయాకు చేసిపెట్టిన చిన్న అప్పంలో పాలూ లేవు, గుడ్డూ లేదు.

కొలతకు మన టీ గ్లాసే చాలు. ఓట్స్ 2 గ్లాసులు. గోధుమ పిండి 1 గ్లాసు. బెల్లం తురుము ముప్పావు గ్లాసు. నూనె అర గ్లాసు. అవిసె గింజల పొడి 1 పెద్ద చెంచా. వంట షోడా కాదు, బేకింగ్ పౌడరు 1 చిన్న చెంచా. చిటికెడు ఉప్పు, నాలుగు యాలకులు, గుప్పెడు నువ్వులు.

ముందుగా అవిసె పొడిలో 3 పెద్ద చెంచాల నీళ్ళు పోసి పది నిమిషాలు వదిలేయండి. జిగురుగా, గుడ్డు తెల్లసొనలా తయారవుతుంది. పెద్దమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. బిస్కెట్‌ను విడిపోకుండా పట్టుకునేది ఆ జిగురు. అవిసె గింజలు దొరక్కపోతే బాగా మగ్గిన అరటిపండు ఒకటి చిదిమి కలపండి. అప్పుడు బిస్కెట్ కాస్త మెత్తగా వస్తుంది.

బెల్లంలో మూడు నాలుగు చెంచాల నీళ్ళు పోసి కరిగించి వడకట్టండి. మన బెల్లంలో ఇసుక, చెరకు పీచు ఉంటాయి, వడకట్టకపోతే పంటికి తగులుతాయి. అది చల్లారాక నూనె, అవిసె జిగురు కలపండి. వేడిగా ఉండగా కలిపితే పిండి ముద్ద కట్టి పాడవుతుంది. ఓట్స్‌లో ఒక గ్లాసు వేయించి మిక్సీలో బరకగా పట్టండి. రెండో గ్లాసు అలాగే ఉంచండి. పొడివన్నీ కలిపి, తడివి పోసి, ముద్ద చేసి పావుగంట మూతపెట్టి ఉంచండి. ఓట్స్ తడి పీల్చుకోవాలి. తొందరపడితే ఒత్తేటప్పుడు అంచులు పగులుతాయి.

వెన్నలో కొంత నీరు ఉంటుంది, నూనె అంతా కొవ్వే. అందుకే వెన్న కొలతకు నూనె కొలత సమానంగా వేయకూడదు, బిస్కెట్ జారిపోతుంది. కొబ్బరినూనె వాడేవారు ఒకటి గమనించండి. సంక్రాంతి చలికి అది గడ్డకడుతుంది, మే నెలలో నీళ్ళలా ఉంటుంది. ఒకే కొలతతో చేసినా ముద్ద ఒకేలా రాదు. ఎండాకాలం చెంచాడు పిండి ఎక్కువ వేసుకోండి.

ఓవెన్ లేదని వెనకాడవద్దు, మాకూ లేదు. మందపాటి పాత గిన్నెలో రెండు గ్లాసుల ఉప్పు పరిచి, మధ్యలో స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు వేడి చేయండి. కుక్కరు వాడితే గ్యాస్కెట్, విజిల్ రెండూ తీసేయాలి, మరిచిపోవద్దు. నిమ్మకాయంత ఉండలు చేసి, అరచేత్తో ఒత్తి, నూనె రాసిన పళ్ళెంలో ఎడంగా పెట్టి సన్నని మంట మీద 20 నుంచి 25 నిమిషాలు ఉంచండి. అడుగు ముందు ఎర్రబడుతుంది, పైన తెల్లగానే ఉంటుంది. పైన కూడా ఎర్రబడాలని కూర్చుంటే అడుగు మాడుతుంది. ఓవెన్ ఉన్నవారు 175 డిగ్రీల వేడిలో 12 నుంచి 15 నిమిషాలు పెడితే సరిపోతుంది. తీయగానే మెత్తగా ఉంటాయి. ఉడకలేదనుకుని మళ్ళీ పెట్టకండి. చల్లారితేనే గట్టిపడతాయి. ఈ కొలతకు సుమారు 18 వస్తాయి.

వెన్న బిస్కెట్ రుచి దీనికి రాదు. బెల్లం వాసన, నువ్వుల కమ్మదనం వస్తాయి, అది వేరే రుచి. షుగరు ఉన్న పెద్దలకు ఒక మాట. ఓట్స్ పీచుకు మంచి పేరు ఉంది గానీ బెల్లం కూడా చక్కెరే. ఓట్స్ కదా అని నాలుగు తినకండి, ఒకటి చాలు.

ఇలా చేయాలని అనుకున్నప్పుడు మన పెద్దల్లో ఒకరు సూటిగా అడిగారు. "అయ్యగారూ, ఒక్క పిల్ల కోసం అందరం పాలు మానాలా? మన ఇళ్ళు గడిచేదే గేదె పాల మీద గదా." న్యాయమైన ప్రశ్నే. తెల్లవారకముందే లేచి పాలు పితికి కేంద్రానికి పోసి, ఆ డబ్బుతో పిల్లల ఫీజులు కట్టి, అందులోనే దశమ భాగం తెచ్చే కుటుంబాలు మనకు ఎన్నో ఉన్నాయి. ఆ పాలను దేవుడే ఇచ్చాడు. వాటిని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం మాకు లేదు. మీ ఇంట్లో పెరుగన్నం హాయిగా తినండి. నెలకు ఒక ఆదివారం, అరగంట, ఒక పళ్ళెం. అడుగుతున్నది అంతే.

ఇంకొకరు, "ఇది మనల్ని శాకాహారులను చేసే బోధ కాదు గదా" అన్నారు. కాదు. తిండి విషయంలో సంఘం మీద చట్టం పెట్టకూడదని మన పితరులు గట్టిగానే నిలబడ్డారు. పాత రోజుల్లో ఐరోపాలో ఉపవాస దినాల్లో వెన్న, పాలు నిషేధం. జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో క్రిస్మస్ రొట్టెను నూనెతోనే చేసుకునేవారు. 1491లో పోపు 8వ ఇన్నోసెంట్ వెన్న వాడుకోవడానికి అనుమతి పత్రం ఇచ్చాడు. ఫ్రాన్సులో రూయెన్ కతీడ్రల్ గోపురం ఒకదానికి వెన్న గోపురం అనే పేరే ఉంది, ఇలాంటి అనుమతుల డబ్బుతో కట్టారని. 1522లో జూరిక్ పట్టణంలో ఫ్రోషావర్ అనే ముద్రాపకుని ఇంట్లో ఉపవాస దినాల్లో సాసేజీలు తిన్నారు. జ్వింగ్లీ అక్కడే ఉన్నా తినలేదు. అయినా తిన్నవారి పక్షాన నిలబడి, ఆహార విషయంలో క్రైస్తవునికి స్వాతంత్ర్యం ఉందని ప్రసంగించాడు.

సెమినరీలో ఈ చరిత్ర చదివినప్పుడు తినే స్వాతంత్ర్యం గొప్పగా కనిపించింది. సంఘ సేవలో ఇన్నేళ్ళు గడిచాక తినకుండా పక్కన నిలబడిన జ్వింగ్లీ కూడా గుర్తొస్తున్నాడు. స్వాతంత్ర్యం ఉన్నవాడు ఇతరుల కోసం దాన్ని పక్కన పెట్టగలడు. కొరింథు సంఘంలో ముందొచ్చినవారు తిని తృప్తి పొందితే, వెనక వచ్చిన పేదలు ఆకలితో మిగిలారు. పౌలు వారిని మందలించింది వంటకాల గురించి కాదు, ఒకరి కోసం ఒకరు ఆగకపోవడం గురించి.

మొదటిసారి పళ్ళెం తెచ్చినప్పుడు ఆ తల్లి వెంటనే తీసుకోలేదు. "గరిటె కూడా వేరేదేనా అమ్మగారూ?" అని మెల్లగా అడిగింది. గిన్నె, గరిటె, పళ్ళెం అన్నీ సబ్బుతో కడిగి, ఆ పూట పాలు పొయ్యి ఎక్కించకుండానే చేశామని, ఓట్స్ ప్యాకెట్ కూడా తెచ్చి చూపించాం. ఆమె ప్యాకెట్ అంతా చదివింది. అందరం ఆగాం. అలా అడిగినందుకు ఎవరూ నొచ్చుకోలేదు, అందుకు దేవునికి స్తోత్రం. అప్పుడు పాప ఒకటి తీసుకుంది. తిన్నాక, "ఇంకోటి తీసుకోవచ్చా?" అంది. ఇప్పుడు పళ్ళెం పట్టుకుని పెద్దలందరికీ పంచేది ఆ పాపే. వారు ఆశీర్వాద ప్రార్థన అవగానే వెళ్ళిపోవడం లేదు.

ప్రియులారా, మీ అందరికీ మూడు మనవులు. విందుకు ఏదైనా చేసి తెచ్చేవారు అందులో ఏమేం వేశారో పక్కన కాగితం మీద రాసి పెట్టండి. పాలు, గుడ్డు, వేరుశనగ, నువ్వులు, గోధుమ, ఏవి ఉన్నా రాయండి. ఒక బిడ్డకు నువ్వులే పడకపోవచ్చు, అప్పుడు మన బిస్కెట్‌లోనూ మానేద్దాం. ఇతరుల పిల్లలకు తల్లిని అడగకుండా ఏమీ తినిపించకండి, చాక్లెట్ అయినా సరే. ఏ తల్లి దగ్గరైనా ఆమె బిడ్డ జబ్బును ఆమె విశ్వాసంతో కొలవకండి. ప్రార్థన చేయాలనిపిస్తే చేయండి, ఆమె పక్కన కూర్చుని చేయండి.

వచ్చే మొదటి ఆదివారానికి పిండి కలపడానికి స్త్రీల సహవాసం నుంచి ఇద్దరు వస్తామన్నారు. ఇంకో ఇద్దరు వస్తే ఉండలు త్వరగా అవుతాయి. శనివారం సాయంత్రం మా ఇంటికి రండి. పాత మందపాటి గిన్నె ఉంటే తెచ్చుకోండి.

ఎవరినీ బల్ల దగ్గరనుంచి పంపివేయని మన ప్రభువు మీ ఇళ్ళను, మీ పొయ్యిలను, మీ బిడ్డల ఆరోగ్యాన్ని కాపాడును గాక. ఆమేన్.