అచ్చువేయింతుమా, మానుదుమా?

మా బీరువా క్రింది అరలో నీలిరంగు అట్టగల నోటుపుస్తకములు మూడు ఉన్నవి. వానిలో పదునొకండు వ్యాసములు కలవు. అన్నియు ఆధునిక చిత్రకళను గూర్చినవి. అన్నియు మేము వ్రాసినవే. గత జూను మాసమున మా సహోపాధ్యాయులొకరు వానిని చదివి, "ఇవి పుస్తకముగా రావలెను" అనిరి. ఆ మాట విన్ననాటినుండి మాకు సుఖనిద్ర లేదనిన అతిశయోక్తి కాదు. ఈ సంచికకు ఏదేని వ్రాయుమని సంపాదకులు కోరగా, వేరు విషయము మనస్సునకు రాలేదు గనుక ఈ సంగతినే చదువరులకు మనవి చేసికొనుచున్నాము.

మేము చిత్రకారులము కాము. సాంఘికశాస్త్రము బోధించి జీవనము చేయువారము. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో భారతదేశపటమును చూడకయే నల్లబల్లపై గీయుట నేర్పిరి. మా చేతికి అంతవరకే వచ్చును. చూచుట మాత్రము బాల్యమునుండి కలదు. మా తండ్రిగారు క్రిస్మసు దినములలో మమ్ము మెదకు పెద్ద దేవాలయమునకు కొనిపోవుచుండిరి. ఛార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు కట్టించిన ఆ దేవాలయము 1924వ సంవత్సరమున ప్రతిష్ఠింపబడినది. అందలి రంగుగాజు కిటికీలు ఇంగ్లాండు చిత్రకారుడైన ఫ్రాంక్ సాలిస్‌బరీ పనితనము. ఒక యేడు మేము చేరునప్పటికి రాత్రియైనది. లోపలినుండి చూడగా ఆ కిటికీలు నల్లని పలకలవలె నుండెను. ఇంత దూరము వచ్చినది దీనికా యని చిన్నబోయితిమి. మరునాటి యుదయమున ఎండ తగులగానే ఆ నలుపే ఎఱుపై, నీలమై, మా తెల్లచొక్కాపై వ్రాలినది! తిరిగి వచ్చునప్పుడు ఆ కిటికీ బొమ్మగల కార్డు నొకటి కొనిపించుకొంటిమి. ఇంటికి వచ్చి చూడగా అందు గీతలన్నియు నుండెను. వెలుగు మాత్రము లేదు. ఎనిమిదేండ్ల ప్రాయమున తెలిసిన ఈ సంగతిని మేము నలువదేండ్ల ప్రాయమున మరచితిమి. ఎట్లు మరచితిమో చెప్పెదము.

వ్రాయవలెనను ఆశ సంజీవదేవ్ గారి వలన కలిగినది. 1914లో జన్మించి 1999లో కీర్తిశేషులైన ఆ మహనీయులు గుంటూరు జిల్లా తుమ్మపూడి యను పల్లెలో నివసించుచు, తెలుగున చిత్రకళను గూర్చి ఎన్నియో వ్యాసములు వ్రాసిరి. అంతకుముందు మేము, "పటాన్‌చెరు వంటి ఊర కళను గూర్చి ఏమి వ్రాయగలము? ఇక్కడ పొగగొట్టములు, లారీలు, షిఫ్టు సైరనులు తప్ప ఏమున్నవి?" అని సాకు చెప్పుకొనుచుంటిమి. (ఇదియును పూర్తిగా నిజము కాదు. ఈ ఊర దొరకిన జైన విగ్రహములు హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని మ్యూజియమున నున్నవి. మా విద్యార్థులలో చాలమందికి ఆ మాట తెలియదు.) తుమ్మపూడినుండి వ్రాయగలిగినప్పుడు పటాన్‌చెరునుండి ఏల వ్రాయరాదు? అయితే సంజీవదేవ్ గారు స్వయముగా చిత్రములు వేసినవారనియు, హిమాలయములకు పోయి నికొలాస్ రోరిక్ వంటి చిత్రకారునితో స్నేహము చేసినవారనియు మేము గమనింపవలసియుండెను. ఆయన ఊరిని చూచితిమి గాని ఆయన ప్రయాణములను చూడమైతిమి.

వ్యాసములు వరుసగా వచ్చినవి. అన్నిటికంటె పెద్దది పికాసో 1937లో చిత్రించిన గుయెర్నికాను గూర్చినది, పదునాలుగు పుటలు. ఆ చిత్రము సుమారు మూడున్నర మీటర్ల ఎత్తు, ఏడున్నర మీటర్లకు మించిన వెడల్పు గలది. మా తరగతిగది గోడపై పట్టదు. స్పెయినుదేశమున మాడ్రిడ్ నగరములో నున్నది. మేము చూచినది ఒక పుస్తకములో జానెడు వెడల్పున అచ్చయిన ప్రతిని. దానినిబట్టి "ఆ చిత్రము ఎదుట నిలిచినవాని గుండె ఝల్లుమనును" అని నిస్సంకోచముగా వ్రాసితిమి. ఎవరి గుండె?

ఈ లోపము అప్పటికి మాకు తోచలేదు. మా భయమంతయు లక్ష్మాగౌడ్ గారిని గూర్చిన వ్యాసముపై నుండెను. ఆయన 1940లో పూర్వపు మెదక్ జిల్లా నిజాంపూరున జన్మించి, హైదరాబాదునను పిదప బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ గారి యొద్దను చదివి, 2016లో పద్మశ్రీ బిరుదము నందినవారు. ఆయన తొలినాటి ఎచింగులలో మన పల్లె స్త్రీపురుషులు, మేకలు, చెట్లు ఒకరిలోనొకరు పెనవేసికొని యుందురు. దిగంబరత్వమునకు అందు దాపరికము లేదు. పెద్దమనిషి యొకరు మా యందలి ప్రేమచేతనే, "అయ్యవారూ, మీరు మిషను బడిలో పిల్లలకు చదువు చెప్పువారు. ఈ యొక్కటి తీసివేయుడు, లేదా వేరుపేరు పెట్టుకొనుడు" అనిరి. ఆయన మాటను తోసివేయుట మాకు సులభము కాలేదు. బిడ్డలను మమ్ము నమ్మి పంపుచున్న తల్లిదండ్రులు కలరు. వ్యాసమున సగము కొట్టివేసితిమి, మరల వ్రాసితిమి, మరల కొట్టివేసితిమి.

ఈ స్థితిలో మా తొమ్మిదవ తరగతి విద్యార్థి తండ్రి యొకరు బడికి వచ్చిరి. ఆయన ఇచ్చటి కర్మాగారమున లోహపు రేకులను ఆమ్లములో ముంచి శుభ్రపరచు పనివారు. మా బల్లపై నోటుపుస్తకము చూచి, అడిగి తీసికొనిపోయిరి. వారము దినములకు తిరిగి తెచ్చి, దిగంబరత్వమును గూర్చి యొక్కమాటయు అనక, ఇట్లడిగిరి:

"సారూ, రేకు మీద గీసి యాసిడ్‌ల ఏస్తరని రాసిన్రు. ఎంతసేపు ఉంచుతరు? ఏ యాసిడ్? అన్ని గీతలు ఒక్కతీరుగ తినదు గద, మరి సన్నగీత సన్నగనె ఎట్ల ఉంటది?"

మాకు తెలియదు. వ్యాసమున రసము, ధ్వని, అంతరంగము అను మాటలు కోకొల్లలుగ నున్నవి. ఆ బొమ్మ ఎట్లు పుట్టునో ఒక్క వాక్యము సరిగా లేదు. "తెలిసికొని చెప్పెదను" అంటిమి. విద్యార్థులతో ఏటేట అనుమాటయే, కాని ఆనాడు చెవులు వేడెక్కినవి.

ఆ వచ్చిన శనివారము మాదాపూరులోని ప్రభుత్వ చిత్రశాలకు పోతిమి. పిదప ముద్రణచిత్రములు వేయు యువకుడొకని ఆశ్రయించి, రెండు సెలవుదినములు అతని పనిగదిలో కూర్చుంటిమి. జింకు రేకుపై మైనపు పూత పూయుదురు. సూదితో గీయగా పూత తొలగి లోహము బయటపడును. నీరు కలిపిన నత్రికామ్లములో ముంచగా ఆ గీతలనే ఆమ్లము తినును. సన్నగా నుండవలసిన గీతలను కొన్ని నిమిషములకే పైకి తీసి, వార్నీషుతో మూసి, లోతు కావలసినవానిని మరల ముంచుదురు. పిమ్మట పూతనంతయు కడిగి, గీతలలో సిరా నింపి, పైభాగమును గుడ్డతో తుడిచి, తడికాగితము పరచి ప్రెస్సులో ఒత్తుదురు. బొమ్మ కుడియెడమలు తాఱుమాఱై వచ్చును. 1648 ప్రాంతమున రెంబ్రాంటు, రోగులను స్వస్థపరచు క్రీస్తును చూపిన ప్రసిద్ధ చిత్రమును పూర్తిచేసినప్పుడును ఆమ్లమే గీతలను తిన్నది. ఆయన రాగిరేకు వాడెను.

ఆ యువకుడు తనవద్దనున్న లక్ష్మాగౌడ్ గారి ముద్రణ నొకటి మా చేతికిచ్చెను. బడిపలక కంటె పెద్దది కాదు! పుస్తకమున నిండుపుటగా చూచిన మేము దానిని "గోడనంతయు ఆక్రమించు మహాచిత్రము"గా వర్ణించియుంటిమి. దగ్గరకు తీసికొని చూడగా గీతలు కాగితముపై ఉబ్బి వ్రేలికి తగులుచున్నవి. రేకు అంచు ఒత్తిన గుర్తు చుట్టును కలదు. దిగంబరులైన ఆ మనుష్యులు అంత చిన్నచోట, అంత సన్నని గీతలలో, ఎవరినో కవ్వించుటకు నిలిచినట్లు తోచలేదు. మేకతోకూడ, చెట్టుతోకూడ ఒకే గీత సాగిపోవుచున్నది. ఈ మాట మాకు ముందు తెలిసియుండిన, ఆ పెద్దమనిషికి వెంటనే సమాధానము చెప్పియుందుము.

తిరిగి వచ్చి మూడు పుస్తకములను ముందర వేసికొంటిమి. మా కన్నులతో చూచినవి ఏవి? రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు గారి చిత్రశాలను చూచియున్నాము. 1925లో మశూచి సోకి, ఇరువదియెనిమిదేండ్లు నిండకమునుపే గతించిన ఆ యువకుని ప్రతిభను గుర్తించి బొంబాయి చదువునకు పంపినవాడు, ఓస్వాల్డ్ కూల్డ్రే యను కళాశాలాధ్యాపకుడే; ఉపాధ్యాయులమగుటచే ఆ సంగతి వ్రాయుటకు మాకు ప్రత్యేకమైన ఇష్టము. నారాయణగూడలో పి.టి. రెడ్డి గారి సుధర్మను చూచితిమి. సిద్దిపేట కాపు రాజయ్య గారి పల్లెచిత్రములను చూచితిమి. మెదకు కిటికీలు సరేసరి. లక్ష్మాగౌడ్ గారిది ఇప్పుడు చూచితిమి. ఐదు. తక్కిన ఆరును పరుల పుస్తకములనుండి పుట్టినవి. గుయెర్నికాను పక్కకు పెట్టునప్పుడు మాత్రము చేయి కొంత ఆగినది. భాష విషయమున మాకు మిక్కిలి ఇష్టమైన వ్యాసమది.

ఇంటిలో లెక్క వేరు. మున్నూఱు ప్రతులకు ముద్రాపకుడు చెప్పిన వెల మా నెలజీతమునకు మించినది. మా యింటివారు కాగితము చూచి, "ఆరు తీసేస్తే ఖర్చు కూడా తగ్గుతుంది కదండీ?" అనిరి. ఆ లాభము మాకు తోచనే లేదు.

లక్ష్మాగౌడ్ వ్యాసమున కొట్టివేసిన పంక్తులన్నియు మరల చేర్చితిమి. పేరు మాదే పెట్టితిమి. పెద్దమనిషి యింటికి స్వయముగా పోయి ఆ సంగతి చెప్పితిమి. ఆయన సంతోషింపలేదు గాని కాఫీ ఇప్పించిరి. కార్మికుని ప్రశ్నలకు సమాధానముగా రెండు పుటలు క్రొత్తగా వ్రాసి ఆయనకే ముందుగా చూపితిమి. ఆయన నిలిచియే చదివి, "బుడగల ముచ్చట రాయలే సారూ. గీత మీద బుడగ కూసుంటె ఆడ యాసిడ్ తినది" అనిరి. అది నిజమే. ఆ యువకుడు పక్షియీకతో ఆ బుడగలను మెల్లగా తొలగించుచుండగా మేము చూచితిమి, వేడుకకని తలంచి వ్రాయక విడిచితిమి.

నిన్న ప్రూఫులు వచ్చినవి. ఈకను గూర్చిన వాక్యము చేర్చి, ఆదివారము షిఫ్టు ముగిసినపిదప ఆయనకు ఇచ్చి రావలెను.