ఎవరు చెప్పినారో రాయండి

  

నాది కర్నూలు జిల్లాలో పత్తికొండ వైపు ఒక తండా. కడపలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. వానొస్తే మా నాయన చేను చూసుకుంటాడు. రాకుంటే అమ్మానాయన ఇద్దరూ గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోతారు.

పోయినేడు ఒక రాత్రి మా రూంలో ఒకడు ఫోన్ చూసుకుంటా, "మీ లంబాడోళ్లు ఒకప్పుడు మనుషుల్ని బలిచ్చేటోళ్లంట కదరా? బ్రిటిషోళ్ల పుస్తకంలోనే ఉందంట" అన్నాడు. ఎవరో వాట్సాప్‌లో పంపినారు వానికి. మిగతావాళ్లు నవ్వినారు. నాకు ఆ రాత్రి అన్నం దిగలేదు.

ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం దగ్గర పడింది. హాస్టల్ గోడపత్రికకు ఆ కోపంలోనే నాలుగు పేజీలు రాసినా. రాసినా అంటే, ఆడింత ఈడింత తెచ్చి అతికించినా. మనం ఫలానా రాజు వంశం, ఫలానా కోటకు రాళ్లు మోసింది మనమే అని. గోడపత్రిక చూసే సీనియర్ అన్న ఎరుకల అన్న. మొత్తం చదివి ఒకటే అడిగినాడు.

"తమ్ముడూ, ఇదంతా నీకెవరు చెప్పినారు?"

నా దగ్గర జవాబు లేదు.

"వాడు 'అంట' అన్నాడు, నువ్వూ 'అంట' అన్నావు. తేడా ఏముంది?" అన్నాడు.

నాకు సిగ్గేసింది, కోపమూ వచ్చింది. కానీ దారి చూపింది కూడా ఆ అన్నే. వాడు చెప్పిన పుస్తకమేదో ముందు పట్టుకో అన్నాడు. వెతికితే దొరికింది. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారి సాయంతో దక్షిణ భారత కులాలు, తెగల మీద 7 సంపుటాలు తెచ్చినాడు, 1909లో. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగానే చదవొచ్చు. మన గురించి 4వ సంపుటంలో ఉంది. ఒక్కో పేరా డిక్షనరీ పెట్టుకొని చదివినా. నరబలి మాట నిజంగానే ఉంది. చూసినాక చేతులు చల్లబడినాయి.

అయితే ఆ మాట థర్‌స్టన్ సొంతంగా చెప్పలేదు. అబ్బే దుబ్వా రాసినాడని పేరు పెట్టి చెప్పినాడు. దుబ్వా ఫ్రెంచి పాద్రి. 1792 నుంచి 1823 దాకా మన దక్షిణాదిలోనే, ఎక్కువగా మైసూరు సీమలో ఉన్నాడు. ఆయన పుస్తకమూ తెరిచినా. ఆయన కూడా చూసినానని అనలేదు. లంబాడీల మీద ఇట్లాంటి నింద ఉంది, ఇట్లా చేస్తారని చెప్పుకుంటారు అన్నట్టే రాసినాడు. ఏ ఊర్లో, ఏ ఏడు, చూసిందెవరు, ఏమీ లేదు. థర్‌స్టన్ అదే చోట కెయిన్ అనే ఇంకో పాద్రి మాట కూడా పెట్టినాడు. అదీ పాత రోజుల్లో జరిగేదన్న మాటే.

అంటే మా రూంమేటు 'అంట' కింద ఒక పుస్తకం, దాని కింద ఇంకో పుస్తకం, అట్టడుగున మళ్లీ 'అంట'నే.

అన్నకు చెబితే ఆయన నవ్వలేదు. "మా జేజినాయన చిన్నప్పుడు వాళ్ల నాయన రోజూ పోలీస్ స్టేషన్‌కు పోయి హాజరు ఏయించుకునేవాడంట" అన్నాడు. 1871లో బ్రిటిషోళ్లు తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911 తర్వాత మన మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలైంది. ఎరుకలోళ్లను పుట్టుకతోనే దొంగలని రాసుకున్నారు. దేశమంతటా అది రద్దయింది 1952లో, స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకు. "చూడు, నేనూ 'అంట' అన్నా. కానీ ఎవరు చెప్పినారో చెప్పినా. నమ్మకం లేకుంటే మా ఇంటికొచ్చి మా జేజినాయన్ను అడుగు" అన్నాడు.

నాకు అప్పుడు అర్థమైంది. మూలం పేరు చెప్పినంత మాత్రాన మాట నిజమైపోదు. కానీ పేరు చెబితే ఎవరైనా వెనక్కి నడిచి పోయి చూసి రావొచ్చు. థర్‌స్టన్ మీద నాకు ప్రేమేం లేదు. కానీ ఆయన దుబ్వా పేరు దాచిపెట్టి ఉంటే, ఆ నింద అడుగున ఏముందో నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

రెండు పుస్తకాల పేజీలూ రూంమేటుకు చూపించినా. "అయితే జరగలేదని గ్యారంటీ ఏంది?" అన్నాడు. "గ్యారంటీ నేనూ ఇయ్యలేను. పుస్తకంలో ఉందన్నావు, పుస్తకంలో ఏముందో నువ్వే చదువు" అన్నా. సారీ చెప్పలేదు గానీ, వాని గ్రూపులో ఆ పేజీల లింకులు మాత్రం పెట్టినాడు.

తర్వాత నా నాలుగు పేజీలు నేనే కొట్టేసుకున్నా. ఒకటిన్నర మిగిలింది. 1791-92లో టిప్పు మీదికి పోయిన కారన్‌వాలిస్ సైన్యానికి బంజారాలు ఎద్దుల మీద ధాన్యం మోసినారన్నది ఉంచినా, చదివిన పుస్తకం పేరు, పేజీ రాసి. రాజవంశం తీసేసినా. బాధగానే ఉండింది.

మన ఉప్పు బేరం గురించి రాద్దామని తండాకు పోయి మా అవ్వను అడిగినా. ఎద్దుల మీద ఉప్పు మోసిన కథలు చెప్పింది. "నీకెవరు చెప్పినారవ్వా?" అంటే "మా అత్త" అనింది. ఆమె పేరు, ఊరు రాసుకుంటా ఉంటే అవ్వ నా చెయ్యి పట్టుకునింది. "పేర్లెందుకు రాస్తాండావురా? పోలీసోళ్లకు ఇస్తావా?"

లేదవ్వా, ఇది నువ్వు చెప్పినావని అందరికీ తెలియాల అన్నా. ఆమె కాసేపు నా మొహం చూసింది. తర్వాత, "అట్లయితే సరిగ్గా రాయి" అని వాళ్లత్త పేరు ఇంకోసారి చెప్పింది.

మీరూ రాయండి. పుస్తకమైతే పేరు, ఏడు, పేజీ. ఫోన్లో చదివిందైతే లింకు. అవ్వ చెబితే అవ్వ పేరు, ఆమెను అడిగి. ఉత్త 'అంట' అయితే 'అంట' అనే రాయండి.