నది ఆకారంలో వాన

విస్కాన్సిన్‌లో ఒక ప్రైవేటు వాతావరణ సంస్థలో చేరిన తొలి వేసవిలో, లేని వానను చూపించి రోడ్డు పని ఆపించాను. మిసిసిపి ఒడ్డున రాత్రిపూట తారు రోడ్డు వేసే కాంట్రాక్టర్ ఒకాయన మా ఖాతాదారు. వేడి తారు మీద వాన పడిందంటే లారీలకి లారీలు దండగ. చినుకు ఇంకా దూరంలో ఉండగానే ఆయనకి కబురు చెప్పడం నా ఉద్యోగం.

జులై నెల, రాత్రి తొమ్మిది కావస్తోంది. అప్పటిదాకా ఖాళీగా ఉన్న తెర మీద లా క్రాస్ రాడార్ ఓ ఆకుపచ్చ మరక చూపించింది. చూస్తుండగానే మధ్యలో పసుపు తిరిగింది. ఇంకేం చూస్తాను, ఫోన్ తీసి "వానొస్తోంది, ఆపేయండి" అన్నాను.

అరగంట తర్వాత అక్కణ్ణుంచి ఫోను. చినుకన్నదే లేదట. ఫ్లడ్‌లైట్లు కనబడనంతగా పురుగులు మూగాయట. లారీలో తారు మాత్రం చల్లారిపోయిందట. ఆ చివరి మాట ఆయన నెమ్మదిగా, ఒత్తి మరీ చెప్పాడు.

పక్క సీట్లోని సీనియర్ నన్నేమీ అనలేదు. బొమ్మల్ని వెనక్కి తిప్పి, మొట్టమొదటి దాని దగ్గర ఆపాడు. సన్నటి గీత. వంపులు తిరుగుతూ, ఒకచోట వెడల్పై, మళ్లీ సన్నబడి. అచ్చం మిసిసిపి! నది గట్టు వెంబడే కొలిచినట్టు కురిసే వాన ఎక్కడైనా ఉంటుందా? దక్షిణపు గాలికి ఆ గీత ఉత్తరంగా సాగి, మరకైంది. నేను చూసింది ఆ మరకనే.

అవి మేఫ్లైలు. ఏడాదో, అంతకన్నా ఎక్కువో నది అడుగు బురదలో బొరియలు చేసుకుని బతుకుతాయి. వేసవిలో ఒక సాయంత్రం, పొద్దుగూకాక, అన్నీ కూడబలుక్కున్నట్టు నీళ్లమీదికి లేస్తాయి. రెక్కలొచ్చాక తినడానికి పనికొచ్చే నోరుండదు. ఒకటి రెండు రోజుల్లో జతకట్టి, గుడ్లు పెట్టి రాలిపోతాయి. 2014 జులై 20న ఇదే రాడార్‌లో ఇలాంటి దండే కనబడింది. ఆ రాత్రి ట్రెంటన్ అనే ఊరి దగ్గర పురుగులు పరుచుకున్న రోడ్డు మీద బళ్లు జారి ఢీకొన్నాయి కూడా. నది వంతెనల మీద వీటిని మంచు తోసే బళ్లతో ఎత్తిపోసిన రోజులున్నాయి. మర్నాటి వాసన చెప్పక్కర్లేదు, కుళ్లిన చేపే.

రాడార్‌ని తప్పు పట్టడానికి లేదు. దాని తరంగం పొడవు 10 సెంటీమీటర్లు. దారిలో నీరు తగిలితే వెనక్కి కబురు పంపుతుంది. చినుకు వ్యాసం రెండింతలైతే తిరిగొచ్చే శక్తి 64 రెట్లవుతుంది. మరి అంగుళం దాకా పెరిగే, ఒళ్లంతా నీరే ఉన్న పురుగు ఎంత పంపాలి! పోల్చుకునే దారి నా ముందే ఉంది. ఈ రాడార్లు తరంగాల్ని అడ్డంగానూ నిలువుగానూ పంపుతాయి. వానలో ఆ రెండూ దాదాపు ఒకేలా తిరిగొస్తాయి, పోలిక అంకె 1కి చేరువలో ఉంటుంది. ఒక్కోటి ఒక్కో వైపు తిరిగి ఎగిరే పురుగుల్లో అది 0.8 కన్నా కిందికి జారిపోతుంది. ఆ బొమ్మ తెరవడానికి ఒక్క నొక్కు చాలు. నొక్కలేదు.

షిఫ్టు దిగి అమ్మకి ఫోన్ చేస్తే, "ఉసిళ్లకి భయపడి రోడ్డు ఆపించావురా?" అని పగలబడి నవ్వింది. తొలకరి పడ్డ రాత్రి ఇంట్లో లైట్లన్నీ తీసేసి, ఒక్క దీపం కింద నీళ్ల పళ్లెం పెట్టేది తను. తెల్లారి చూస్తే పళ్లెం నిండా రెక్కలు. నిజానికి ఉసిళ్లు వేరు, అవి నేలలోంచి లేచే చెదలు. అమ్మతో వాదించలేదు.

ఇలాంటి ప్రతిధ్వనుల్ని మేము చెత్త కింద చెరిపేస్తాం. ఆ చెత్తనే ఏరుకుని కొందరు శాస్త్రవేత్తలు మేఫ్లైల్ని లెక్కగట్టారు. ఒక్క విడతలో లేచేవి 8 వేల కోట్లు దాటొచ్చని, 2012 తర్వాత అవి సగానికి పైగా తగ్గాయని 2020లో ప్రచురించారు. నీళ్లు చెడితే ముందు చచ్చేవి ఇవే. ఈరీ సరస్సు పడమటి వైపు 1950ల్లో ఇవి మాయమై, 1990ల్లో గానీ తిరిగి రాలేదు. అది చదివాక జులైలో పొద్దుగూకితే, పనున్నా లేకున్నా నది మీదికి ఓసారి జూమ్ చేస్తాను.

ఆ కాంట్రాక్టర్ ఇప్పటికీ మా ఖాతాదారే. వాన అని ఫోన్ చేస్తే చాలు, రెక్కలున్నదా, లేనిదా అని అడిగాకే లారీలు ఆపుతాడు.