కంపైలర్‌కీ ఒక సనద్

పోయిన రమజాన్‌లో తరావీహ్ తర్వాత నా రాత్రులన్నీ ఒక కంపైలర్‌కే పోయాయి. "ఆ డబ్బా ముందు కూర్చునే టైమ్‌లో తస్బీహ్ తిప్పినా సవాబ్ దక్కేది" అంది అమ్మీ. నా దగ్గర జవాబు లేదు.

అబ్బా కంప్యూటర్లో డెబియన్ 12 ఉంది, 2023 జూన్‌లో వచ్చింది. అందులోని రస్ట్ కంపైలర్ వెర్షన్ 1.63. డెబియన్ స్టేబుల్ ఒకసారి విడుదలయ్యాక వెర్షన్లను సాధారణంగా కదపరు, మరమ్మతులు మాత్రమే చేస్తారు. రస్ట్ మిజాజ్ దీనికి పూర్తిగా ఉల్టా. ఆరు వారాలకో కొత్త వెర్షన్, 2015 మేలో 1.0 వచ్చినప్పటి నుంచీ ఇదే సిల్సిలా. అబ్బా రోజూ తెరిచే ఫైర్‌ఫాక్స్‌లో రస్ట్ కోడ్ ఉంది. హిఫాజత్ కోసం బ్రౌజర్‌ని కొత్తగా ఉంచాలి, కానీ కొత్త ఫైర్‌ఫాక్స్ 1.63తో తయారు కాదు. అందుకే బ్రౌజర్ల కోసమని రస్ట్‌సీ-వెబ్ అనే ఇంకో కంపైలర్‌ని పక్కన పెట్టారు.

ప్యాకేజింగ్‌లో నేను చేసేది చిల్లర ఖిద్మత్. అయినా 1.63 నుంచి 1.78 దాకా నా చేత్తో కట్టి చూడాలని జిద్దు పట్టింది. రస్ట్ కంపైలర్‌ని రాసిందీ రస్ట్‌లోనే. 1.64ని కట్టాలంటే 1.63 చేతిలో ఉండాలి, 1.65కి 1.64. పదిహేను మెట్లు. నా పాత లాప్‌టాప్ మీద మెట్టుకో రాత్రి.

1.66 అయ్యాక జల్దీ చేశాను. 1.67 వదిలేసి 1.68 మొదలుపెట్టాను. సహరీకి లేచి చూస్తే తెర నిండా ఎర్రర్లు.

పరాఠా తుంచుకుంటూ అబ్బా అడిగారు, "ఏమైంది బేటా?" చెప్పాను. ఆయన గోడవైపు చూశారు. అక్కడ ఆయన హిఫ్జ్ సనద్ ఫ్రేములో ఉంది. ఆయన ఉస్తాద్, ఆ ఉస్తాద్‌కి ఉస్తాద్, అలా పైకి పేర్లు. "మధ్యలో ఒక పేరు తీసేస్తే అది మున్‌ఖతె అవుతుంది. నీదీ అదే హాల్ కదా?"

ఇంత సీదాగా నాకెవరూ చెప్పలేదు. రెడీమేడ్ కంపైలర్ నెట్‌లో దొరుకుతుంది, దించుకుంటే ఐదు నిమిషాల పని. కానీ డెబియన్‌లో ప్యాకేజీ కట్టేటప్పుడు నెట్ ముట్టకూడదు. ఒక్కో ప్రోగ్రామ్‌కి వందల క్రేట్లు కావలసి వచ్చినా సరే, అవన్నీ ముందే డెబియన్‌లోకి చేరి ఉండాలి. ఒక్కోదానికీ ఎవరు రాశారు, ఎవరి ఇజాజత్ ఉంది అనేది కాగితం మీద ఉండాలి. రస్ట్ పరుగు చూస్తే ఇది పిచ్చిపని అనిపిస్తుంది, నాకూ చాలాసార్లు అనిపించింది. అయితే ముక్కూ మొహం తెలియనివాళ్లు కళ్లు మూసుకుని ఇన్‌స్టాల్ చేసుకునేది ఆ కాగితం భరోసా మీదే. అమానత్ అంటే మరేమిటి?

అబ్బా వదల్లేదు. "మరి అన్నిటికన్నా మొదటిది ఎవరి దగ్గర నేర్చుకుంది?"

గ్రేడన్ హోర్ మొదటి కంపైలర్‌ని ఓకామల్ అనే వేరే భాషలో రాశాడని చెప్పాను. సీ++లో ఎమ్‌రస్ట్‌సీ అని ఇంకోటి ఉంది, దానితో సిల్సిలాని బయటి నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు అని కూడా చెప్పాను. "అచ్ఛా, రెండో తరీఖా కూడా ఉందన్నమాట" అని ఖుషీ అయ్యారు.

ఫజర్ అజాన్‌కి ఇంకా పది నిమిషాలుంది. నీళ్లు తాగి, 1.67 మొదలుపెట్టి, వజూకి లేచాను.