చక్రాల ఇల్లు

శుక్రవారం పడుకుందామనుకున్నా. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రూముకే ఫోన్ వచ్చింది: ముదీర్ కారవాన్ సీలైన్‌కు లాగాలె. చలికాలం ఖతరీలు అక్కడ ఇసుకల క్యాంపులు వేస్తారు కదా. డీజిల్ పికప్ కంపెనీది, కాని పదేళ్లుగా తాళం నా జేబులనే ఉంటది.

నీళ్ల డబ్బాలన్నీ పోరగాళ్లు కారవాన్ వెనక మూలకు ఎక్కించిన్రు. నేను చూడలే, తప్పు నాదే. మెసయీద్ రోడ్డు మీద 80 దాటంగనే వెనక బర్రె తోక లెక్క ఊగుడు వెట్టింది. బ్రేకు తొక్కితే మడతపడ్తది. యాక్సిలరేటర్ మీద కాలు తీసి స్టీరింగ్ నిలువుగ పట్టుకున్న. బండి ఆగినంక డబ్బాలు చక్రాల ముందటికి జరిపిన. డీజిల్ ఎంత గుంజినా, ముందట బరువు లేకుంటే ట్రైలర్ మన మాట వినది తమ్ముళ్లూ.

రాత్రి ఫోటో చూసి మా ఆమె, "చక్రాల ఇల్లు మంచిగుంది, మన స్లాబు ఎప్పుడు?" అన్నది. సిగ్నల్ లేనట్టు చేసిన.