షష్టిపూర్తికి సైగాన్

అరవై నిండితే ఈ ప్రాంతంలో చాలామంది దారి పట్టేది తిరుక్కడయూరుకే. అమృతఘటేశ్వరుడి సన్నిధిలో మళ్లీ పెళ్లిపీటలెక్కుతారు. యానాం నుంచి వచ్చి విల్లియనూరులో స్థిరపడిన ఓ రిటైర్డ్ ఉపాధ్యాయుడు మాత్రం 82 ఏళ్ల తల్లిని ఆమె పుట్టిన సైగాన్‌కు తీసుకెళ్తానంటున్నారు.

పుదుచ్చేరిలో ఇది వింత కోరికేం కాదు. ఫ్రెంచివారి ఏలుబడిలో ఇక్కడి గుమాస్తాలు, సైనికులు, వ్యాపారులు ఇండోచైనా వెళ్లారు. కొందరు అక్కడి అమ్మాయిలనే పెళ్లాడారు. ఆయన తాతా అంతే. 1954 జూలైలో జెనీవా ఒప్పందం, నవంబర్ 1న పుదుచ్చేరి అప్పగింత. మరుసటి ఏడాది తాత పన్నెండేళ్ల కూతురితో ఓడెక్కారు. అమ్మమ్మ అప్పటికే అక్కడి మట్టిలో కలిసిపోయింది.

వీసాకు తిప్పలు లేవు. 2023 నుంచి ఆన్‌లైన్‌లోనే 90 రోజులకు ఇస్తున్నారు. చిక్కంతా చిరునామాతోనే. తల్లికి గుర్తున్న కాటినా వీధి రెండుసార్లు పేరు మారి 1975లో దోంగ్ ఖోయ్ అయింది. మరుసటి ఏడాది నగరమే హోచిమిన్ సిటీ అయింది. మారియమ్మన్ గుడి ఉంది. అమ్మమ్మ సమాధి ఉందో లేదో చెప్పేవారు లేరు.

''తీరా వెళ్లాక అది లేదనుకో, ఏం చేస్తావురా?'' అని తల్లి అడిగారు. కొడుకు దగ్గర జవాబు లేదు. పిల్లలేమో ఈ వయసులో ఆమెకు ప్రయాణమెందుకంటున్నారు.

అయినా టికెట్లు కొన్నారు. మర్నాడు చూస్తే తల్లి సంచిలో చీరల మధ్య ఓ అగరొత్తుల కట్ట.