కుదరకపోతే ఎంత?

డాలస్ శివార్లలోని మా గరాజులో 1970 నాటి ఫోర్డ్ మస్టాంగ్ ఉంది. స్పోర్ట్స్‌రూఫ్ మోడల్, అంటే పైకప్పు వెనక్కి ఒకే వాలులో దిగిపోయే రకం. దాని వెనక అద్దం మీద నల్లటి లూవర్లు బిగించాలని చాలాకాలంగా నా కోరిక. మన బాత్రూం వెంటిలేటర్లలో గాజు పలకలు ఏటవాలుగా ఉంటాయే, అదే పద్ధతి. ఇక్కడ గాజు బదులు రేకు, అదీ కారు అద్దానికి బయటవైపు. అవసరమా అంటే, కాదు. అవసరం లేని వస్తువు కొనేటప్పుడే లెక్క ఇంకా గట్టిగా చూసుకోవాలని నా నమ్మకం. ఫ్రిజ్ కొనడంలో కొంచెం అటూఇటూ అయినా పాలు విరిగిపోకుండా కాపాడుతుంది. సరదాకి కొన్నది కుదరలేదా, సరదా పోతుంది, డబ్బూ పోతుంది.

ఈ పలకల ధర సగం వాటి చరిత్రలోంచి వస్తుంది కాబట్టి అది కొంచెం చెప్పాలి. 1966లో వచ్చిన లంబోర్గిని మ్యూరాకు ఇంజను సీట్ల వెనక ఉండేది. ఆ వేడి బయటికి పోవాలి కాబట్టి ఇంజను మీద అద్దానికి బదులు పలకలు పెట్టారు. మస్టాంగ్‌కు ఇంజను ముందే ఉంటుంది, ఆ అక్కర లేదు. దానికి ఈ అలంకారం తెచ్చిన పేరు లారీ షినోడాది. జనరల్ మోటార్స్‌లో కోర్వేర్ మోంజా జీటీ అనే ప్రదర్శన కారు మీద పనిచేసి, 1968లో ఫోర్డ్‌కు మారి, మస్టాంగ్ బాస్ 302కు రూపం దిద్దిన డిజైనర్ ఆయన. ఫోర్డ్ వీటిని స్పోర్ట్ స్లాట్స్ పేరుతో అదనపు ధరకు అమ్మింది. డబ్బు కట్టినవాళ్ల కార్లకే వచ్చాయి గనక ఇవాళ అసలు సెట్లకు అంత గిరాకీ.

అలాగని ఉత్త అలంకారమూ కాదు. ఈ కారు వెనక అద్దం బాగా పడుకుని ఉంటుంది. టెక్సస్ ఎండ తిన్నగా వెనక సీటు మీద పడి వినైల్‌ను బీటలు వారుస్తుంది. ఎండ పైనుంచి దిగుతుంది, డ్రైవరు చూపు అడ్డంగా పోతుంది. పలకలను చూపుకు సమాంతరంగా నిలిపితే లోపలి అద్దంలో వాటి అంచులు మాత్రమే సన్నటి గీతల్లా కనిపిస్తాయి. ఎండకు మాత్రం పలక వెడల్పంతా అడ్డం వస్తుంది. కిటుకంతా ఆ కోణంలో ఉంది. అయితే ఈ ప్రయోజనం చూపించి ఖర్చును నేను సమర్థించుకోలేదు. వారమంతా గరాజులో ఉండే కారుకు ఎండ తగిలేదెంత? తగిలినా ఇరవై డాలర్ల సన్‌షేడ్ చాలు.

కాబట్టి డబ్బు సరదా ఖాతాలోంచే రావాలి. 401కె రిటైర్మెంటు ఖాతాలో కంపెనీ జతచేసే వాటా పూర్తిగా వచ్చేంత కట్టి, ఆరు నెలల ఇంటిఖర్చు పక్కన ఉంచి, విజయవాడలో అమ్మకు పంపేది పంపాక, మిగిలినదాంట్లో కొంత నెలనెలా అందులో వేస్తాం. నా కారు టైర్లయినా, మా ఆవిడ వీణకు కొత్త తీగలయినా అందులోంచే. అది ఖాళీ అయితే నిండేదాకా ఆగాలి. 600 డాలర్లు ఏటా 7 శాతం చొప్పున పెరిగితే ఇరవై ఏళ్లకు 2,300 దాటుతుందని నాకూ తెలుసు. ఆ లెక్క పొదుపు ఖాతా దగ్గర వేసుకుంటాను. సరదా ఖాతా దగ్గర కూడా వేస్తే బయట కాఫీ తాగడానికి చెయ్యి రాదు. ప్రతి డాలరునూ రూపాయల్లోకి మార్చి గుండె పట్టుకోవడం కూడా మానేశాను. సంపాదన డాలర్లలో, ఖర్చూ డాలర్లలో.

ఇక లూవర్లు దొరికే దారులు. మొదటిది, పాత విడిభాగాల సంతలో అసలు ఫోర్డ్ సెట్టు. అమ్మే ఆయన 1,400 డాలర్లు చెప్పాడు. ఆ ధరకు తలూపే ముందు ఒక కాగితం తెప్పించుకున్నాను. 1967 నుంచి ఫోర్డ్ తయారుచేసిన కార్ల వివరాలు అరిజోనాలోని మార్టీ ఆటో వర్క్స్ దగ్గర ఉన్నాయి. కారు నంబరిచ్చి కొద్ది రుసుము కడితే, అది ఏ రంగులో, ఏయే అదనపు హంగులతో ఫ్యాక్టరీ గేటు దాటిందో రాసి పంపుతారు. నా కాగితంలో స్పోర్ట్ స్లాట్స్ లేవు. అంటే అసలు సెట్టు తెచ్చి తగిలించినా నా కారు విలువకు అది సాక్ష్యం కాదు. ఎవరి కాగితంలో అవి ఉండి, కారు మీద మాత్రం లేకుండా పోయాయో, ఆ యజమానికి అవి 1,400 చేస్తాయి. ఆయన అవసరం పెంచిన ధర నేనెందుకు కట్టాలి? సంత నుంచి ఉత్త చేతులతో వచ్చేశాను.

రెండోది, అదే నమూనాలో కొత్తగా చేసి అమ్మే కిట్టు. ధర 560 డాలర్లు. పెద్ద పెట్టె కాబట్టి రవాణా, దానిమీద పన్ను కలిపితే 700 దాటింది. అడుగున చిన్న అక్షరాల్లో షరతులు చదివాను. వెనక్కి పంపాలంటే రవాణా మనదే, ధరలో కొంత కోత, రంగు వేశాక అసలు తీసుకోరు. మామూలు కారైతే ఇవి పట్టించుకోనక్కర్లేదు. నా కారుకు పాత యజమాని కాలంలో ఎడమవైపు వెనక ప్యానెల్ మార్చారు. ఆ పక్క అద్దం చుట్టూ పట్టీ ఫ్యాక్టరీ కొలతకు కొంచెం తేడాగా కూర్చుంది. కిట్టు ఫ్యాక్టరీ కొలతకు చేసినది. పైగా కొందరు అమ్మకందార్లు 1969 నుంచి 1973 దాకా అన్నిటికీ సరిపోతుందని రాసేస్తారు. 1971లో మస్టాంగ్ ఒళ్లే మారి పెద్దదయింది, వెనక అద్దమూ మారింది. 1969, 70 కార్ల సెట్టు వేరు, తర్వాతి వాటి సెట్టు వేరు.

మూడోది మనసుకు దగ్గరి దారి, బెజవాడ ఆటోనగర్. లారీ బాడీలు కట్టే ఊరికి ఈ రేకు పని ఒక లెక్కా? మా పెదనాన్నగారి అబ్బాయికి ఫోన్ చేస్తే, "కొలతలు పంపరా, నువ్వొచ్చేసరికి తయారుగా ఉంటాయి" అన్నాడు. కూలీ ఇక్కడి దాంట్లో నాలుగో వంతు. విడదీసి సామాన్లలో తెచ్చుకోవచ్చు. తిరిగొచ్చేవాళ్లకు అమెరికా కస్టమ్స్ 800 డాలర్ల దాకా మినహాయింపు ఇస్తుంది. కాగితం మీద అన్నీ కలిసొచ్చాయి. మా ఆవిడ ఒక్క మాట అడిగింది: "ఏవండీ, అక్కడ చేయించింది ఇక్కడ కుదరకపోతే ఎంతవుతుంది?"

ఆటోనగర్‌లో ఏ మేస్త్రీ అయినా అర సెంటీమీటరు సందును నిలబడినచోటే సరిచేస్తాడు. కారు ఆయన ముందుంటే. నా కారు ఇక్కడుంది. అంత పనితనమూ నేను పంపే కొలతల కాగితం దగ్గరే ఆగిపోతుంది. తేడా వస్తే, ఇక్కడ మళ్లీ ఎవరికో డబ్బిచ్చి సరిచేయించాలి. అప్పుడు రెండు కూలీలు.

ఆ ప్రశ్నతో నా ధరల పట్టికంతా మళ్లీ రాశాను. ప్రతి దారికీ పక్కన రెండు అంకెలు, కుదిరితే ఎంత, కుదరకపోతే ఎంత. సంతలో కొన్నది కుదరకపోతే ఇంకొకరికి అమ్ముకోవచ్చు, కానీ అంతదాకా 1,400 ఇరుక్కుపోతుంది. కిట్టు కుదరకపోతే రానుపోను రవాణా, కోత కలిపి 200 పైన నష్టం. ఆటోనగర్ సెట్టు కుదరకపోతే పెట్టిందంతా పోయినట్టే. నాలుగో దారి ఇక్కడ మా ఊళ్లోనే ఉన్న చిన్న రేకుల షాపు. అక్కడ కుదరకపోతే కారెక్కి పావుగంట పోవాలి, అంతే. ధరలో అది అన్నిటికన్నా చవక కాదు. తప్పు దిద్దుకోవడంలో మాత్రం చవక.

పని కూడా ఆ లెక్కకు తగ్గట్టే దశల్లో చేయించాం. ముందు అట్టలు కత్తిరించి అద్దం మీద నిలబెట్టి, డ్రైవరు సీట్లో కూర్చుని కోణం చూసుకున్నాం. నేను లోపల "ఇంకొంచెం పైకి" అంటుంటే మా ఆవిడ ఎండలో నిలబడి జరిపింది. ఈ దశకు ఖర్చు లేదు. తర్వాత మిగులు రేకుతో ఒక్క పలక చేయించి, తేడాగా ఉన్న ఎడమవైపే పెట్టి చూశాం. అది కూర్చున్నాకే అసలు రేకు కొన్నాం. 6061 రకం అల్యూమినియం గట్టిదని నేను చదివి ఉన్నాను. షాపు పెద్దాయన వద్దన్నాడు. టెంపరు చేసిన 6061ని బిగువుగా వంచితే మడత దగ్గర పగులుతుంది, 5052 అయితే వంగుతుంది. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, 1.6 మిల్లీమీటర్ల మందం రేకు ఒకటి తీసుకున్నాం. మరలు స్టెయిన్‌లెస్ స్టీలువి. అవి నేరుగా తగిలితే తేమకు అల్యూమినియం తినుకుపోతుంది కాబట్టి మధ్యలో నైలాన్ వాషర్లు వేశాం. అద్దం తుడవడానికి వీలుగా పైన బందులు, కింద గొళ్లేలు. పౌడర్ కోటింగ్ అన్నిటికంటే చివర, ఎందుకంటే ఆ పూత పడ్డాక మళ్లీ వంచడానికీ కోయడానికీ లేదు. దిద్దుకోలేని పని ఎంత వెనక్కి జరిపితే అంత మంచిది.

ఒక షరతు మాత్రం ముందే పెట్టాను. పైకప్పుకు ఒక్క రంధ్రం కూడా పెట్టకూడదు. రంధ్రం నేరుగా పెడితే పని తొందరగా అయ్యేది, కూలీ తగ్గేది. కానీ పాత కారు రేకులో రంధ్రమంటే తుప్పుకు పిలుపు. రేపు కొనేవాడికి లూవర్లు నచ్చకపోతే అవి తీసేసినా రంధ్రాలుంటాయి. అందుకే పట్టీ కిందికి దూరే బ్రాకెట్లు చేయించాం. ఆ అదనపు కూలీ రేపు వెనక్కి తగ్గగలిగే వీలుకు కట్టిన ధర.

బిల్లు ఇదీ: రేకుకు 150, కోత, వంపులకు 270, పౌడర్ కోటింగ్‌కు 140, బందులూ మరలూ గొళ్లేలకు 70. మొత్తం 630 డాలర్లు. మామూలు 1970 మస్టాంగ్‌కు కుడివైపు బయటి అద్దం అడిగితేనే వచ్చేది, నా దానికి లేదు. వెనక చూపు ఎంతోకొంత తగ్గుతుంది కాబట్టి అదీ బిగించడానికి ఇంకో 90. కిట్టు కొన్నా ఆ 90 తప్పేది కాదు. అంటే కిట్టుతో పోలిస్తే మిగిలింది డెబ్బై, ఎనభై డాలర్లు. నా శ్రమకు కూలీ కడితే అదీ మిగలదు. కాబట్టి దీన్ని పొదుపు కథగా చెప్పుకోను.

పెట్టుబడి కథగానూ చెప్పుకోను. నా బీమా ముందే ఒప్పుకున్న విలువకు చేసే పాత కార్ల రకం. మార్పులు చెప్పాలి కాబట్టి ఫొటోలు, బిల్లులు పంపాను. విలువ పెంచమని మాత్రం అడగలేదు. ఫ్యాక్టరీ కాగితంలో లేని లూవర్లకు ఎవరూ 630 ఎక్కువ ఇవ్వరు. ఇక్కడి పన్ను చట్టం కూడా సొంత వాడకపు కారు పట్ల ఒకవైపే ఉంటుంది. లాభానికి అమ్మితే పన్ను కట్టాలి, నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని ఆదాయంలోంచి తీసేసుకోవడానికి లేదు. అందుకే కారును మెరుగుపరచిన ప్రతి బిల్లూ ఒక కవరులో దాస్తున్నాను. ఎప్పుడైనా లాభానికి అమ్మితే కొన్న ధరకు వాటిని కలుపుకోవచ్చు.

ఈ మధ్య మా బావమరిది షాద్‌నగర్ వైపు వెంచర్‌లో ప్లాటు చూశాడు. "బావా, ఇప్పుడు తీసుకుంటే మంచి ధర" అన్నాడు. ధర నిజంగానే మంచిది. మా ఆవిడ తమ్ముణ్ణి అదే అడిగింది. రేపు హద్దుల్లో తేడా వస్తే ఎవరు తిరగాలి? కాగితాల్లో చిక్కొస్తే ఎన్నిసార్లు విమానమెక్కి రావాలి? అంతా కలిపి ఎంతవుతుంది? గజం ధర, రోడ్డు వెడల్పు గడగడా చెప్పినవాడు దీనికి అంకె చెప్పలేకపోయాడు. అంకె తెలియని చోట మేం డబ్బు పెట్టదలచుకోలేదు. ఆ సొమ్ముతో ఇక్కడి ఇంటి అప్పులో కొంత ముందుగానే కట్టేశాం. రాబడి ప్లాటు మీద వచ్చేదానికన్నా తక్కువే కావచ్చు. తగ్గిన వడ్డీ ఎంతో మాత్రం రూపాయి తేడా లేకుండా మాకు తెలుసు.